జెన్నీ లీ పట్టుదల: రెండో రకం చదువు ఎవరికీ వద్దు

జెన్నీ లీ ఏనాడూ బ్రిటన్ కేబినెట్‌లో కూర్చోలేదు. 1964 నుంచి 1970 దాకా లేబర్ పార్టీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వంలో ఉన్న ఆరేళ్లూ ఆమెది కింది వరుస పదవే. మొదట పార్లమెంటరీ కార్యదర్శి, చివరికి సహాయ మంత్రి. విద్యాశాఖలో ఆమె పనిచేస్తుండగానే పైన ముగ్గురు మంత్రులు మారారు: ఆంథొనీ క్రాస్లండ్, పాట్రిక్ గోర్డన్ వాకర్, ఎడ్వర్డ్ షార్ట్. ఫైలు మీద చివరి సంతకం వాళ్లది. అయినా ఆ ప్రభుత్వం దేశానికి మిగిల్చిన వాటిలో అన్నిటికంటే గట్టిగా నిలిచింది ఆమె చేతి పనే: ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పటిదాకా ఇరవై లక్షల మందికి పైగా అందులో చదువుకున్నారు. విల్సన్ కూడా తన పాలనలో జరిగిన పనుల్లో దాన్నే అన్నిటికంటే గర్వంగా చెప్పుకునేవాడు.

ఆలోచన విల్సన్‌దే కదా, జెన్నీ లీ దాన్ని అమలు చేసిందంతే కదా అని కొందరు రాస్తుంటారు. ఆ మాటను నేను ఒప్పుకోను. విల్సన్ దగ్గర ఉన్నది ఒక మంచి ఊహ. ఆ ఊహ మామూలు దారిలో నడిచి ఉంటే టీవీలో కొన్ని పాఠాలు, పోస్టులో కొన్ని పుస్తకాలు, చివర ఒక సర్టిఫికెట్టుగా ముగిసేది. అలా ముగియకుండా ఆపింది జెన్నీ లీ పట్టుకున్న ఒకే ఒక్క షరతు. చేరడానికి అర్హత ఏదీ అడగకూడదు, చివర ఇచ్చే డిగ్రీ మాత్రం ఏ విశ్వవిద్యాలయం డిగ్రీకీ తీసిపోకూడదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదులుకున్నా మిగతాదంతా సులువుగా దొరికేది. ఆమె ఏదీ వదులుకోలేదు. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో, దాని కోసం ఆమె ఏం చెల్లించిందో తెలుసుకోవడం మన తెలుగువాళ్లకు కూడా అవసరం. కారణం చివర్లో చెబుతాను.

ఆమె 1904లో స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో, లాక్‌గెల్లీ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టింది. తాత గని కార్మికుడు, సంఘం నాయకుడు. తండ్రి జేమ్స్ లీ కూడా గని కార్మికుడే, ఇండిపెండెంట్ లేబర్ పార్టీ కార్యకర్త. ఇంటికి వచ్చేపోయే మనుషులూ, నడిచే మాటలూ అన్నీ రాజకీయమే. బడిలో తెలివైన పిల్ల. కార్నెగీ ట్రస్టు, స్థానిక విద్యా సంస్థ ఇచ్చిన డబ్బుతో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్లగలిగింది. అక్కడ ఎం.ఏ., ఉపాధ్యాయ శిక్షణ, న్యాయశాస్త్ర పట్టా అన్నీ పూర్తి చేసింది. ఆమె చదువు ముగిసే దశలోనే 1926 సార్వత్రిక సమ్మె వచ్చింది. దేశమంతా సమ్మె తొమ్మిది రోజుల్లో ఆగిపోయింది, గని కార్మికులు మాత్రం నెలల తరబడి పస్తులుండి చివరికి ఓడిపోయారు. ఒకవైపు గ్రంథాలయంలో పరీక్షల చదువు, మరోవైపు సొంత ఊళ్లో పొయ్యి వెలగని ఇళ్లు. తన ఈడు పిల్లల్లో చదువుకు తగినవాళ్లు ఎంతమంది గనుల్లోకీ, పనిమనిషి కొలువుల్లోకీ వెళ్లిపోయారో ఆమె కళ్లారా చూసింది. తర్వాత మంత్రిగా ఆమె ఎవరి కోసం పోట్లాడిందో వాళ్లు ఆమెకు గణాంకాలు కారు. వాళ్ల ముఖాలు ఆమెకు తెలుసు.

1929 మార్చిలో నార్త్ లానార్క్ ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్లేనాటికి ఆమెకు 24 ఏళ్లు. ఇరవై ఒక్కేళ్లు నిండిన స్త్రీలకు ఓటు ఇచ్చే చట్టం అంతకుముందు ఏడాదే వచ్చినా, కొత్త ఓటర్ల జాబితా అమల్లోకి వచ్చింది ఆ మే నెల సాధారణ ఎన్నికకు. అంటే తాను ఓటు వేయలేని ఎన్నికలో తాను గెలిచింది. సభలో మొదటి ప్రసంగం ఎవరినీ నొప్పించకుండా సాగాలన్నది అక్కడి ఆనవాయితీ. ఆమె ఏకంగా ఆర్థికమంత్రి విన్‌స్టన్ చర్చిల్ బడ్జెట్ మీద విరుచుకుపడింది. తర్వాత చర్చిలే వచ్చి అభినందించాడు.

1931లో ఓడిపోయింది. మరుసటి ఏడాది ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, లేబర్ పార్టీ నుంచి విడిపోయినప్పుడు ఆమె ఆ చిన్న పార్టీతోనే ఉండిపోయింది. అప్పుడు వేల్స్ గని ప్రాంతం నుంచి వచ్చిన యువ ఎంపీ అన్యూరిన్ బెవన్ ఆమెను తీవ్రంగా మందలించాడు. అంత పవిత్రంగా ఉండాలనుకుంటే వెళ్లి సన్యాసినుల మఠంలో చేరమన్నాడు. చేతిలో శక్తి లేని పవిత్రత ఎవరికీ అక్కరకు రాదన్నది అతని వాదన. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, 1968లో మళ్లీ అవసరపడుతుంది. 1934లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1944లో ఆమె లేబర్ పార్టీలోకి తిరిగి వచ్చి, 1945లో స్టాఫర్డ్‌షైర్‌లోని కానాక్ నుంచి గెలిచింది. అదీ గనుల నియోజకవర్గమే.

ఆ తర్వాతి పదిహేనేళ్లు బెవన్‌వి. ఆరోగ్యమంత్రిగా 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించాడు. 1951 ఏప్రిల్‌లో, కట్టుడు పళ్లకూ కళ్లద్దాలకూ రుసుము పెట్టాలని సొంత ప్రభుత్వమే నిర్ణయిస్తే రాజీనామా చేశాడు. అతనితో పాటు బయటికి వచ్చిన వారిలో యువ మంత్రి హెరాల్డ్ విల్సన్ ఒకడు. ఈ సంవత్సరాల్లో జెన్నీ లీ తన సొంత రాజకీయాన్ని వెనక్కి నెట్టుకుంది. భర్త బలం పడిపోకుండా చూడటమే తన పనిగా పెట్టుకుంది. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. అతనికంటే ముందుగా వేదికలు దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి ఆమె. 1960 జూలైలో బెవన్ క్యాన్సర్‌తో మరణించాడు. ఆమెకు అప్పటికి 55 ఏళ్లు, ప్రభుత్వంలో ఒక్కరోజు కూడా పదవి చూడలేదు. చాలామంది ఆమె కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు.

1964 అక్టోబరులో విల్సన్ ప్రధాని అయ్యాక ఆమెకు కళల బాధ్యత అప్పగించాడు. అప్పటికి బ్రిటన్‌లో ఆ పనికంటూ ఒక మంత్రి లేరు. కొన్ని నెలల్లోనే, 1965లో, కళల మీద ఆ దేశపు మొదటి శ్వేతపత్రం తెచ్చింది. కళలకు నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్‌కు ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆమె కాలంలో దాదాపు మూడు రెట్లయింది. లండన్ బయటి ఊళ్లకు నాటకశాలలు, సంగీతశాలలు కట్టుకోవడానికి నిధులు వెళ్లాయి. దశాబ్దాలుగా నానుతూ వచ్చిన నేషనల్ థియేటర్ భవనం పని 1969లో మొదలైంది. ఇదంతా పెద్ద పనే. దీని మీద విడిగా రాయవచ్చు. కానీ ఇక్కడ కూడా ఆమె ధోరణి ఒకటే: ఊళ్లవాళ్లకు ఊళ్లవాళ్ల స్థాయి కళ చాలు అనే మాటను ఆమె చెవిన పెట్టలేదు. మంచి నాటకం గని కార్మికుడికి అర్థం కాదని ఎవరైనా అంటే ఆమెకు కోపం వచ్చేది.

ఇక విశ్వవిద్యాలయం సంగతి.

1960ల మొదట్లో బ్రిటన్‌లో వందమంది యువతీయువకుల్లో విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు నలుగురో అయిదుగురో. పదకొండేళ్ల వయసులో రాసే ఒక పరీక్ష పిల్లల దారిని తేల్చేసేది. అందులో నెగ్గి గ్రామర్ స్కూలుకు వెళ్లేవాళ్లు సుమారు నాలుగింట ఒక వంతు. మిగతావాళ్లకు పై చదువు తలుపు ఆ రోజే మూతపడినట్లు లెక్క. పెద్దయ్యాక మనసు మారినా, తెలివి విప్పారినా, తిరిగి వచ్చే దారి దాదాపు లేదు. విల్సన్ 1963 సెప్టెంబరులో గ్లాస్గోలో మాట్లాడుతూ రేడియో, టీవీ, పోస్టు పాఠాలు కలిపి ఒక ‘ప్రసార విశ్వవిద్యాలయం’ పెడతామన్నాడు. సామాజిక శాస్త్రవేత్త మైకేల్ యంగ్ అంతకుముందే ఇలాంటి ప్రతిపాదన రాశాడు. సోవియట్ యూనియన్‌లో పోస్టు ద్వారా ఇంజనీర్లు తయారవడం విల్సన్ చూసి వచ్చాడు. అయితే గ్లాస్గోలో అతను చెప్పింది స్వతంత్ర విశ్వవిద్యాలయం కాదు. ఉన్న సంస్థలన్నీ కలిసి నడిపే ఒక ఏర్పాటు, ముఖ్యంగా సాంకేతిక ఉద్యోగుల కోసం. పార్టీలో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

1965లో విల్సన్ ఈ పని జెన్నీ లీకి ఇచ్చాడు. ఆమె చేసిన మొదటి పని, అప్పటిదాకా తయారైన చిన్న చిన్న పథకాలను పక్కన పెట్టడం. రాత్రి బడులను పెంచుదాం, ఉన్న విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలకు టీవీ జోడిద్దాం, ముందు ప్రయోగాత్మకంగా ఒక ప్రాంతంలో మొదలుపెట్టి చూద్దాం, డిగ్రీకి బదులు డిప్లొమా ఇద్దాం. ఇలాంటి సూచనలు చాలా ఉన్నాయి, ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లూ కారు. వయోజన విద్యలో జీవితమంతా పనిచేసినవాళ్లు కూడా వారిలో ఉన్నారు. వాళ్లందరికీ ఆమె కాదనే చెప్పింది. దీని మీద వేసిన సలహా సంఘానికి తానే అధ్యక్షురాలైంది. మంత్రి స్థాయి మనిషి అలా కూర్చోవడం అసాధారణం. నాలుగు నెలలకోసారి నివేదిక కోసం ఎదురుచూస్తే పథకం అధికారుల చేతుల్లో సన్నబడిపోతుందని ఆమెకు తెలుసు.

పై మంత్రి క్రాస్లండ్‌కు దీని మీద ఆసక్తి లేదు. అతని దృష్టంతా పాలిటెక్నిక్‌ల మీద, బడుల సంస్కరణ మీద ఉండేది. అవి తప్పు పనులేమీ కావు, ఉన్న కొద్దిపాటి డబ్బు వాటికి వెళ్లాలని అతను కోరుకోవడం సహజం. శాఖ అధికారులకు నమ్మకం లేదు. ఆర్థికశాఖకు భయం. విశ్వవిద్యాలయాల పెద్దలు పెదవి విరిచారు. విద్యా పత్రికలు కొట్టిపారేశాయి. ఇలాంటి చోట కింది వరుసలో ఉన్న ఒక మంత్రి ఏం చేయగలదు? ఆమె నేరుగా ప్రధాని దగ్గరికి వెళ్లింది. 1951లో బెవన్‌తో కలిసి రాజీనామా చేసిన రోజుల నుంచీ ఉన్న బంధం అది. విల్సన్ ఆమె మాట తీసిపారేయలేడని శాఖలో అందరికీ తెలుసు. 1966 ఫిబ్రవరిలో శ్వేతపత్రం వచ్చింది. మార్చి ఎన్నికల ప్రణాళికలోకి కూడా ఎక్కింది.

ఇది సరైన పద్ధతేనా అని అడిగేవాళ్లున్నారు. శాఖను తప్పించి, పై మంత్రిని దాటి, పాత స్నేహాన్ని వాడుకుని పని జరిపించుకోవడం ప్రజాస్వామ్యంలో మంచి అలవాటు కాదన్నది నిజమే. మనవైపు కూడా ముఖ్యమంత్రికి దగ్గరివాళ్లు ఇలాగే పనులు చేయించుకుంటారు కదా అనవచ్చు. నా జవాబు ఇది: ఆమె ఆ దగ్గరితనంతో తనకేమీ అడగలేదు. తన నియోజకవర్గానికి కాలేజీ తెచ్చుకోలేదు, పదవి పెంచమనలేదు. పైగా శ్వేతపత్రం, ప్రణాళికా సంఘం, విశ్వవిద్యాలయ హోదా ఇచ్చే రాజ శాసనం అన్నీ బహిరంగంగా, సభ ముందు నడిచాయి. చాటుగా జరిగింది ఒక్కటే, పథకాన్ని మొగ్గలోనే తుంచేయకుండా అడ్డుపడటం. నేనైతే ఆ పని చేసినందుకు ఆమెను తప్పుపట్టలేను.

ఖర్చు విషయంలో ఆమె వైపు అంత శుభ్రంగా లేదు. లెక్క వేయమని ఆర్నల్డ్ గుడ్‌మన్‌ను అడిగారు. అతను విల్సన్‌కు న్యాయ సలహాదారు, ఆర్ట్స్ కౌన్సిల్ అధ్యక్షుడు. అతను ఇచ్చిన అంకె తర్వాత అయిన ఖర్చు ముందు చాలా చిన్నది. అసలు మొత్తం ముందే తెలిసి ఉంటే ఆర్థికశాఖ దీన్ని ఆపేసేదని అనుకోవడానికి ఆధారం ఉంది. ఈ ఒక్క చోట ఆమెను సమర్థించడం నాకు కష్టం. ప్రజల డబ్బు గురించి ప్రజలకు సరైన అంకె చెప్పాలి, ఎంత మంచి పనికైనా సరే.

1967 నవంబరులో పౌండు విలువ తగ్గించారు. 1968 జనవరిలో కోతలు ప్రకటించారు. బడి మానే కనీస వయసును పదహారుకు పెంచే పని వాయిదా పడింది. మందుల చీటీల మీద రుసుము మళ్లీ వచ్చింది. విల్సన్ ప్రభుత్వమే 1965లో ఎత్తేసిన రుసుమును అదే ప్రభుత్వం తిరిగి పెట్టింది. జెన్నీ లీ స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. ఆరోగ్య సేవలో రుసుము అన్న ఒక్క కారణం మీద భర్త మంత్రి పదవి వదిలేశాడు. ఆ రాజీనామా అతని జీవితంలో అతి పెద్ద నిర్ణయం. ఇప్పుడు అదే పార్టీ అదే పని చేస్తుంటే ఆమె మంత్రిగా కొనసాగింది.

ఇందుకు ఆమెను నిందించినవారు ఉన్నారు. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికంటే కష్టమైన, అన్నిటికంటే సరైన నిర్ణయం ఇదే అనిపిస్తుంది. ఆ జనవరిలో ఆమె బయటికి వెళ్లిపోయి ఉంటే కోతల జాబితాలో ఎక్కే తర్వాతి పేరు విశ్వవిద్యాలయానిదే. దాన్ని కాపాడే మనిషి ప్రభుత్వంలో ఇంకెవరూ లేరు. ఆమె రాజీనామాతో మందుల రుసుము ఆగేది కాదు. 1930లలో బెవన్ ఆమెను మందలించిన మాటకు ఆమె ముప్పై ఏళ్లు ఆలస్యంగా లోబడిందనుకుంటాను. పేరు నిలుపుకోవడం ఒకవైపు, పని నిలుపుకోవడం మరోవైపు ఉన్నప్పుడు ఆమె పనిని ఎంచుకుంది. రాజీనామాను మనం చాలా తేలిగ్గా ఆదర్శంగా చూస్తాం. ఉండిపోయి, తిట్లు తిని, ఫైలును గుండెకు హత్తుకుని కూర్చోవడాన్ని ఆదర్శంగా చూడటం ఇంకా నేర్చుకోలేదు.

1967లో వేసిన ప్రణాళికా సంఘానికి సర్ పీటర్ వెనబుల్స్ అధ్యక్షుడు. విశ్వవిద్యాలయాల పెద్దలనే అందులో కూర్చోబెట్టారు, రేపు డిగ్రీని తక్కువ చేసి మాట్లాడే వీలు వాళ్లకే ఉండకూడదని. 1969 ఏప్రిల్‌లో రాజ శాసనం వచ్చింది. జూలైలో ప్రారంభ సభ జరిగింది, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఆ వారంలోనే. మొదటి చాన్స్‌లర్ జెఫ్రీ క్రౌథర్ అక్కడ మాట్లాడుతూ ఈ విశ్వవిద్యాలయం మనుషులకూ, ప్రదేశాలకూ, పద్ధతులకూ, ఆలోచనలకూ తెరిచి ఉంటుందని ప్రకటించాడు. మొదటి వైస్‌చాన్స్‌లర్ వాల్టర్ పెర్రీ ఎడిన్‌బరోలో వైద్య పరిశోధకుడు.

ప్రమాణం తగ్గకూడదన్న షరతు ఆచరణలో ఏ రూపం తీసుకుందో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. ఒక్కో పాఠ్యాంశాన్ని ఒక్క ప్రొఫెసర్ రాసి పంపే పద్ధతి వదిలేశారు. విషయ నిపుణులు, బోధనా నిపుణులు, బీబీసీ నిర్మాతలు ఒక జట్టుగా కూర్చుని నెలల తరబడి రాసి, ఒకరి రాత ఒకరు దిద్ది, తిరగరాశారు. అలా వచ్చిన పుస్తకాలు ఎంత బాగుండేవంటే వాటిని పాత విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా కొనుక్కుని చదివేవారు. ప్రతి విద్యార్థికీ రాసిన జవాబులు దిద్ది, తప్పులు విడమరిచి చెప్పే ట్యూటర్ ఉండేవాడు. వేసవిలో వారం రోజులు ఏదో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉండి ప్రయోగశాలలో పనిచేయాలి. సైన్సు విద్యార్థుల ఇళ్లకు పోస్టులో ప్రయోగాల పెట్టె వచ్చేది, అందులో చిన్న సూక్ష్మదర్శిని కూడా. వంటింటి బల్ల మీద ఉల్లిపొర పెట్టి కణాలు చూసిన గృహిణులు ఉన్నారు. డిగ్రీ పరీక్షలకు ఇతర విశ్వవిద్యాలయాల నుంచి పరీక్షకులు వచ్చేవారు. ఇదంతా ఖరీదైన వ్యవహారం. చౌకగా కానిచ్చేద్దాం అనుకున్నవాళ్ల చేతిలో పడి ఉంటే వీటిలో ఒక్కటీ మిగిలేది కాదు.

1970 జూన్ ఎన్నికల్లో లేబర్ ఓడిపోయింది. జెన్నీ లీ కూడా కానాక్‌లో ఓడిపోయింది, పాతికేళ్ల తర్వాత. అప్పటికి విశ్వవిద్యాలయంలో ఒక్క విద్యార్థి కూడా చేరలేదు. కొత్త ఆర్థికమంత్రి ఇయన్ మెక్లౌడ్ ఈ పథకాన్ని మొదటి నుంచీ వెటకరించినవాడు. మూసేయడమే అతని ఉద్దేశం. నెల తిరిగేసరికి, జూలైలో, అతను గుండెపోటుతో మరణించాడు. కొత్త విద్యామంత్రి మార్గరెట్ థాచర్ ఫైలు చదివి కొనసాగించాలని నిర్ణయించింది. ఒక్కో పట్టభద్రుడి మీద అయ్యే ఖర్చు మామూలు విశ్వవిద్యాలయంలో కంటే తక్కువన్న సంగతి ఆమెకు నచ్చింది. జెన్నీ లీ రాజకీయాలకూ థాచర్ రాజకీయాలకూ ఎక్కడా పొత్తు లేదు. అయినా ఆ నిర్ణయానికి థాచర్‌కు దక్కాల్సిన గౌరవం దక్కాలి. ఇంకొకటి కూడా చెప్పాలి. కొట్టేయడానికి వీలైనంత చిన్నదిగా, ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి ఉంటే ఆ వేసవిలో అది పోయేది. అప్పటికే రాజ శాసనం, సిబ్బంది, బీబీసీతో ఒప్పందం, నలభై వేలకు పైగా దరఖాస్తులు ఉన్నాయి. 1971 జనవరిలో సుమారు 24,000 మందితో చదువు మొదలైంది.

మొదటి ఏళ్లలో చేరినవారిలో ఉపాధ్యాయులే ఎక్కువగా కనిపించారు. కార్ఖానా కార్మికులు తక్కువ. విమర్శకులకు ఇది మంచి ఆయుధమైంది. కార్మికుల కోసమని చెప్పి మధ్యతరగతికి కట్టారన్నారు. జెన్నీ లీ ఈ మాటను సూటిగా ఎదుర్కొంది. తాను కార్మికుల విశ్వవిద్యాలయం కట్టలేదని, విశ్వవిద్యాలయం కట్టానని, గీత గీసి అటువైపు ఇటువైపు అనడం ఇద్దరికీ అవమానమని ఆమె చెప్పేది. కార్మికులకని ప్రత్యేకంగా పెడితే మరుసటి రోజు నుంచే అది తక్కువరకం అయిపోతుందని ఆమెకు అనుభవం మీద తెలుసు. పైగా ఆ ఉపాధ్యాయుల్లో చాలామంది గని ఇళ్ల నుంచీ మిల్లు ఇళ్ల నుంచీ వచ్చినవాళ్లే. డిగ్రీకి డబ్బు లేక శిక్షణ కళాశాలతో ఆగినవాళ్లు.

1973లో మిల్టన్ కీన్స్‌లోని ప్రాంగణంలో గ్రంథాలయానికి ఆమె శంకుస్థాపన చేసింది. ఏ నేపథ్యం నుంచి వచ్చినవారికైనా రెండో రకం సరుకు అంటగట్టి అవమానించని విశ్వవిద్యాలయం ఇది అని, అత్యుత్తమమైనదే తగినదని ఆ రోజు చెప్పింది. అప్పటికి ఆమె పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో సభ్యురాలు. 1988లో మరణించింది.

ఇప్పుడు మన సంగతి. 1982లో, భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారతదేశంలో అలాంటిది అదే మొదటిది. ఇవాళ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నది దాన్నే. మొదటి వైస్‌చాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. ఆయనే తర్వాత ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్‌చాన్స్‌లర్ అయ్యారు. బ్రిటన్ నమూనా వాళ్ల కళ్ల ముందు ఉంది. ఇంటర్ లేకపోయినా పద్దెనిమిదేళ్లు నిండితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్న నిబంధన, తెలుగులో పాఠ్యపుస్తకాలు, డిగ్రీ కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు, రేడియో పాఠాలు, ఇవన్నీ ఆ చూపు నుంచి వచ్చినవే. లాక్‌గెల్లీలో పుట్టిన ఒక గని కార్మికుడి కూతురి మొండితనం, మన ఊళ్లలో పెళ్లితో చదువు ఆగిపోయిన ఆడపిల్లల దాకా వచ్చింది.

ఆదివారాలు ఒక అధ్యయన కేంద్రంలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, కరెంటు లైన్‌మన్లు, కోర్టులో పనిచేసే అటెండర్లు వచ్చేవారు. మామూలు కాలేజీలో పిల్లలు అడగని ప్రశ్నలు వాళ్లు అడిగేవారు. భూసంస్కరణల చట్టం చెబుతుంటే, మా ఊళ్లో అది ఎందుకు అమలు కాలేదు సార్ అని ఒక కండక్టరు అడిగి, తానే వివరంగా చెప్పాడు. తరగతంతా అతని వైపు తిరిగి విన్నారు. ఆ విద్యార్థుల్లోనే ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి, మంచి మార్కులతో డిగ్రీ పూర్తి చేసి ఒక ఇంటర్వ్యూకు వెళ్లింది. ఆమె పట్టా చూసి బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారట. రెగ్యులర్‌గా చదివినవాళ్లు చాలామంది ఉన్నారమ్మా అని పంపేశారు. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. ఆమె బదులు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఆ నవ్వుకు కారణాలు రెండున్నాయి. ఒకటి మన పాత అహంకారం: కష్టపడి తర్వాత చదివినవాడికంటే సులువుగా ముందే చదివినవాడు గొప్ప అనుకోవడం. పగలు బస్సులో నిలబడి టికెట్లు కొట్టి, రాత్రి ఆర్థికశాస్త్రం చదివి పాసైనవాడి పట్టుదలకు ఏ ఉద్యోగంలోనైనా విలువ ఎక్కువే ఉండాలి. రెండోది ఇంకా బాధ కలిగించేది. దూరవిద్య పేరుతో మన దేశంలో కొన్ని సంస్థలు డబ్బు తీసుకుని పట్టాలు పంచాయి. తరగతి లేదు, దిద్దడం లేదు, పరీక్ష కూడా పేరుకే. అలాంటి చోట్ల జెన్నీ లీ షరతులో మొదటి సగాన్ని తీసుకుని రెండో సగాన్ని పారేశారు. తలుపు తెరిచారు, లోపల ఏమీ పెట్టలేదు. దానివల్ల నిజంగా చదివినవాళ్లు కూడా తల దించుకోవాల్సి వస్తోంది. అందుకే నేను ఆమె మొండితనాన్ని ఇంత సాగదీసి చెప్పాను. ప్రమాణం మీద పట్టు అన్నది బయటివాళ్లను ఆపడానికి పెట్టే గేటు అని మనలో చాలామంది అనుకుంటారు. ఆమె దాన్ని లోపలికి వచ్చినవాళ్ల హక్కుగా చూసింది.

బ్రిటన్‌లోనూ ఆ హక్కు చెక్కుచెదరకుండా ఏమీ లేదు. 2012లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం ఉన్నత విద్యకు నేరుగా ఇచ్చే సాయాన్ని కోసేసి ఫీజులు పెంచేశాక, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ల సంఖ్య దారుణంగా పడిపోయింది. నలభై ఏళ్ల మనిషి, ఇంటి అప్పు ఉన్నవాడు, మళ్లీ చదువు కోసం అప్పు చేయడానికి జంకుతాడు. ప్రవేశానికి అర్హత అడగకపోయినా, ఫీజు ఆ పని చేస్తుంది. డిగ్రీ ప్రమాణం చెక్కుచెదరకుండా ఉన్నా, తలుపు సన్నబడుతుంది. ఈ పోరాటానికి ఇప్పటి ప్రభుత్వాల్లో జెన్నీ లీ లాంటివాళ్లు నాకు కనిపించడం లేదు.

మన దగ్గర కాగితం మీద విషయం తేలిపోయింది. గుర్తింపు ఉన్న సంస్థలు దూరవిద్యలో ఇచ్చే డిగ్రీలు సాధారణ డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో మరోసారి స్పష్టం చేసింది. అందువల్ల ఇంటర్వ్యూ బల్లకు ఇవతల ఉన్నవాళ్లు ఇకమీద బతిమాలాల్సిన పని లేదు, ఆ ఉత్తర్వు చూపించి అడగవచ్చు. రెండు రాష్ట్రాల విద్యామంత్రులను మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. అధ్యయన కేంద్రాల్లో పాఠం చెప్పేవాళ్లకు గంటకు ఎంత ఇస్తున్నారు? తెలుగు పాఠ్యపుస్తకాలను చివరిసారి ఎప్పుడు తిరగరాయించారు? విద్యార్థి రాసిన జవాబును దిద్ది, తప్పు ఎక్కడుందో రాసి, తిరిగి అతని చేతికి ఇచ్చే మనిషి ఒక్కో కేంద్రానికి ఎంతమంది ఉన్నారు?